క్యాన్సరు రానివ్వని టీ

నర్సీపట్నం బస్ కాంప్లెక్స్ ఎదురుగా ఉన్న సూరన్న టీ కొట్టులో ప్రపంచంలోని సమస్యలన్నీ పొద్దున్న ఏడు కాకముందే తేలిపోతాయి. చెరకు రేటు ఎంత ఉండాలో, వచ్చే ఎన్నికల్లో ఎవరికి డిపాజిట్లు పోతాయో, పక్కవీధిలో పోయినాయనకి గుండెపోటు ఎందుకొచ్చిందో, ఆ రెండు బెంచీల మీద కూర్చునే పెద్దమనుషులకి తెలియని సంగతంటూ ఉండదు. తాగిన గ్లాసు తీసుకెళ్లి బకెట్లో పెట్టాలన్న సంగతి ఒక్కటి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఆ పని లోవలక్ష్మిది.

లోవలక్ష్మి సూరన్న భార్య. యాభై దాటాయి. పాలు మరగబెట్టేదీ, టీ కాచేదీ, గ్లాసులు తోమేదీ, ఒక్క టీ తాగి గంటసేపు బెంచీకి అతుక్కుపోయినవాళ్లని మాటతో లేపేదీ అన్నీ ఆవిడే. సూరన్న గల్లాపెట్టె వెనకాల కూర్చుని ఎవరేం చెప్పినా తలాడిస్తాడు. ఇద్దరు వాదించుకుంటుంటే ఇద్దరికీ తలాడిస్తాడు. అదే వ్యాపారమని అతని నమ్మకం. “మావోడి మెడలో స్ప్రింగు పెట్టి పంపినాడు దేవుడు” అని లోవలక్ష్మి అతని ముందే అంటుంది. దానికీ తలాడిస్తాడు.

ఆవిడ నోటికి జడవనివాళ్లు ఆ సెంటర్లో లేరు. అంత నోట్లోనూ ఎప్పుడూ ఒక చుట్ట ఉంటుంది. చుట్టంటే మామూలు చుట్ట కాదు, అడ్డచుట్ట. వెలిగించి, నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని పెదాలు మూసేస్తే అది అడ్డచుట్ట. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆ వయసు ఆడవాళ్లకి అదేం వింత కాదు. ఊడ్పులప్పుడు వానకి ఆరిపోదు, గాలికి రవ్వలు ఎగరవు, రెండు చేతులూ పనిలో పెట్టుకోవచ్చు. అలా కాల్చీ కాల్చీ లోవలక్ష్మి అంగిలి మొద్దుబారిపోయింది. పొయ్యి మీంచి దించిన టీని దించినట్టే గొంతులో పోసుకుంటుంది. కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్లు అది చూసి నోరెళ్లబెడితే ఆవిడకి మహా సరదా.

ఇక జగదీశ్వరరావుగారు. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. సర్వీసులో ఉండగా ఏం చేశారో ఎవరికీ తెలీదు గాని, రిటైరయ్యాక మాత్రం వైద్యం చేస్తున్నారు. సెల్‌ఫోనే ఆయన వైద్య కళాశాల. సుగరున్నవాళ్లని కాకరకాయ రసంతోనూ, మోకాళ్ల నొప్పులవాళ్లని మెంతులతోనూ, ఏ జబ్బూ లేనివాళ్లని భయంతోనూ చూసుకుంటారు. ఫీజు తీసుకోరు. ఆయన చెప్పింది మొత్తం వినడమే ఫీజు, దానికన్నా డబ్బిచ్చుకోవడమే తేలికని లోవలక్ష్మి అభిప్రాయం.

జీడిపిక్కలు రాలే రోజుల్లో ఒకనాడు ఆయన ఫోను పైకెత్తి పట్టుకుని ఒక వార్త చదివారు. టీలో ఏవో పదార్థాలున్నాయట. సైంటిస్టులు వాటిని ఎలకలకి పట్టించారట. ఎలకల ఒంట్లో కణుతులు తగ్గాయట. కాబట్టి టీ తాగితే క్యాన్సరు రాదు. మనుషుల సంగతి ఇంకా తేలలేదని కూడా ఆ వార్తలోనే కింద రాసి ఉంది. ఆయన అదీ చూశారు గాని పైకి చదవలేదు. ఫైల్లో తనకి కావలసిన పేరా ఒక్కటే చదివే అలవాటు రిటైరైనంత మాత్రాన ఎక్కడికి పోతుంది.

“ఎలకలకి టీ ఎవులు కాసిచ్చినారు బాబూ? అల్లం ఏసినారా, ఉత్తిదేనా?” అంది లోవలక్ష్మి పొయ్యి దగ్గర్నుంచి.

బెంచీలు రెండూ నవ్వాయి. జగదీశ్వరరావుగారు నవ్వలేదు. కళ్లజోడు సర్దుకుని ఆవిడ వైపు చెయ్యి చాచారు.

“నవ్వుతావేంటమ్మా, ప్రూఫువే నువ్వు. నలభై ఏళ్లుగా నిప్పు నోట్లో పెట్టుకుంటున్నావు. లెక్కప్రకారం నీకు క్యాన్సరు ఎప్పుడో రావాలి. వచ్చిందా? రాలేదు. ఎందుకు రాలేదు? పొద్దస్తమానం టీ తాగుతావు కనక.”

అందరూ లోవలక్ష్మిని కొత్తగా చూశారు. సూరన్న తలాడించాడు. రాలేదని ఈయనకెలా తెలుసని ఒక్కడూ అడగలేదు. లోవలక్ష్మి కూడా అడగలేదు. నాలుక కొసని అంగిలి మీద ఒకచోటికి పోనిచ్చి, వెంటనే వెనక్కి లాక్కుంది. చెరకు గానుగలాడే రోజుల నుంచీ అక్కడ గరుగ్గా ఏదో ఉంది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆ గానుగల రోజులకి ముందే హైస్కూల్లో పళ్ల క్యాంపు పెట్టారు. లావణ్య అనే పళ్ల డాక్టరమ్మ, చిన్న వయసుది, అడ్డచుట్ట కాల్చే ఆడవాళ్లని ఒక్కొక్కరినీ బతిమాలి కూర్చోబెట్టి నోళ్లు చూస్తోంది. టీ ఇవ్వడానికెళ్లిన లోవలక్ష్మిని కూడా “మీరూ ఒకసారి కూర్చోండమ్మా” అంది. “నా నోట్లో కందిరీగలున్నాయమ్మా, సిన్నపిల్లవి, కుట్టేత్తాయి” అంది లోవలక్ష్మి. వరసలో ఉన్నవాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులు చూసుకుని ఆవిడ దర్జాగా ఫ్లాస్కు ఊపుకుంటూ వచ్చేసింది. ఆ తరవాతే గరుకు మొదలైంది. ఇప్పుడు అదే పిల్ల ముందుకెళ్లి నోరు తెరవడమంటే చచ్చేంత చిన్నతనం. పైగా ఇన్నేళ్లలో ఆ సెంటర్లో ఎవరికి ఏ రోగమొచ్చినా తను ఒక మాట పొడవకుండా వదల్లేదు. ఇప్పుడు తన వంతు వచ్చిందంటే వాళ్లు మాత్రం వదులుతారా.

జగదీశ్వరరావుగారి మాటలు విన్నవాళ్లలో రమణబాబు ఒకడు. వెనకవీధిలో ఫ్లెక్సీల షాపు అతనిది. మనిషి పుట్టినా, పోయినా, పోటీ చేసినా ఫ్లెక్సీ పడాల్సిందేనన్నది అతని సిద్ధాంతం. ఆ మధ్యాహ్నమే ఫోను పట్టుకుని వచ్చి లోవలక్ష్మిని కొట్టు ముందు నిలబెట్టాడు.

“చుట్ట చేత్తో పట్టుకో అక్కా. నవ్వు.”

“సుట్ట తీసీమంటే నాకు మొకమేటుంటాదిరా” అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వే పడింది ఫొటోలో.

రెండ్రోజుల్లో కొట్టు నెత్తిన ఫ్లెక్సీ లేచింది. ఒక చేతిలో చుట్ట, ఒక చేతిలో పొగలు కక్కే గ్లాసు, మధ్యలో తలుపంత లోవలక్ష్మి. వెనకాల, ఎందుకో ఎవరికీ తెలీదు, మంచుకొండలు. “నలభై ఏళ్ల అడ్డచుట్ట, అయినా రోగం లేదు, రొష్టు లేదు. కారణం? మా టీ. సూరన్న టీ తాగండి, క్యాన్సరుకి దూరంగా ఉండండి.” కింద ఒక మూల చిన్న గుండ్రంలో జగదీశ్వరరావుగారి బొమ్మ కూడా పడింది, సలహాదారు అని. అది ఆయన అడిగి వేయించుకున్నది.

లోవలక్ష్మి ఆ ఫ్లెక్సీ కింద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. ఆ టీలో ఏముందో ఆవిడకి తెలుసు. సంచులతో కొనే డస్టు పొడి, సగానికి సగం నీళ్లు కలిపిన పేకెట్ పాలు, నోరంటుకుపోయేంత పంచదార. ఇది క్యాన్సర్ని ఆపడమేంటి, ఈగల్ని ఆపదు. “సదూకున్నోళ్లకి పని లేకపోతే ఇదిగో ఇలగే ఉంటాది” అని సూరన్నతో అంది. అతను తలాడించాడు.

కానీ జనం వచ్చారు. చింతపల్లి బస్సు దిగినవాళ్లు, తుని బస్సు ఎక్కేవాళ్లు, ఏటికొప్పాక నుంచి లక్కబొమ్మలు పట్టుకొచ్చేవాళ్లు, కొండ మీంచి చింతపండు దింపేవాళ్లు, అందరూ తల పైకెత్తి ఫ్లెక్సీ చదివి, తల దించి టీ తాగడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి ఆ టీకి పేరు కూడా పడింది. “సూరన్నా, రెండు క్యాన్సర్లు, ఒకటి పంచదార లేకుండా” అని కేకేస్తున్నారు. అలా అడిగిన ప్రతివాడూ ఆ మాట తనే మొదట కనిపెట్టినట్టు పళ్లికిలిస్తాడు. లోవలక్ష్మికి వాళ్లని చూస్తే ఒళ్లు మండేది. ఒక చేత్తో సిగరెట్టు, ఒక చేత్తో క్యాన్సరుకి మందు. ఇంటికెళ్లి బ్రాందీ సీసా తీసేముందు కూడా ఒక టీ తాగితే సరిపోతుందా అని ఒకడు జగదీశ్వరరావుగారిని అడిగాడు. ఆయన ఆలోచించి, రెండు తాగమన్నారు.

ఇంతమందిని ఇంతగా వెక్కిరించిన ఆ మనిషే, మధ్యాహ్నం ఎండకి కొట్టు ఖాళీ కాగానే, గోడవైపు తిరిగి ఏం చేసేదో చెప్తే నవ్వొస్తుంది. పాలు కలపని ఉత్త డికాక్షన్ గ్లాసులో పోసుకునేది. పాలు పోస్తే టీ పవరు పోతుందని జగదీశ్వరరావుగారు ఎవరికో చెప్తుంటే విన్నది మరి. పొయ్యి మీంచి దించిన వేడి వేడిగా నోట్లో పోసుకుని, తల వెనక్కి వాల్చి, ఆ గరుకు చోటికి తగిలేలా పట్టుకునేది. నలభై ఏళ్లుగా వేడన్నది ఎరగని అంగిలి అది. ఇప్పుడు ఆ ఒక్కచోట సూదితో గుచ్చినట్టు మండేది. కళ్లలోంచి నీళ్లు కారేవి. పుండు మీద అయోడిన్ పోస్తే మండదూ, మందు పట్టుకుంటోందన్నమాట, అనుకునేది ఆవిడ. మంట పోవడానికి ఒక చుట్ట వెలిగించుకునేది.

“ఏటే, కళ్లలో నీళ్లేటి?” అని సూరన్న ఒకసారి అడిగాడు.

“పొగ” అంది. తలాడించాడు.

సంతరోజుల్లో ఒక మనిషి వచ్చి పెద్ద కూల్‌డ్రింకు సీసా నిండా టీ పోయించుకెళ్లేవాడు. పాతికేళ్లుంటాయి, గొలుగొండ వైపు పల్లె నుంచి జీడిపిక్కలు అమ్మడానికొచ్చేవాడు. “ఇంటిల్లిపాదీ దీంతో తానాలు సేత్తారేటిరా” అని లోవలక్ష్మి సీసా నింపుతూ అడిగితే సిగ్గుపడి నవ్వేవాడు. సీసా ఎవరికోసమో ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు.

వానలు ఇంకా పడలేదు. ఒక సంతరోజు ఆ మనిషితోపాటు ఆటోలోంచి ఒక ఆడమనిషి దిగింది. మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని, కొట్టు ముందుకొచ్చి, ఫ్లెక్సీకేసీ లోవలక్ష్మికేసీ మార్చి మార్చి చూసింది.

“లోవా, గురుతుపట్టినావా?”

మాట ముక్కులోంచి వస్తోంది. లోవలక్ష్మి చేతిలో గ్లాసు కింద పెట్టి దగ్గరికొచ్చి చూసింది. జోగులమ్మ. మాకవరపాలెం పక్కన ఒకే ఊళ్లో పుట్టినవాళ్లు ఇద్దరూ. ఒకే కమతంలో చెరకు కొట్టారు. పన్నెండేళ్ల పిల్లలుగా ఉన్నప్పుడు పశువుల శాల వెనక జోగులమ్మ వాళ్లమ్మే ఇద్దరికీ అడ్డచుట్ట నేర్పింది. మొదట నోరు కాల్చుకుని ఏడ్చింది లోవలక్ష్మి, ఊరుకోబెట్టింది జోగులమ్మ. నెలల తేడాతో పెద్దదని జోగులమ్మని అప్పా, అంటే అక్కా, అనే పిలిచేది. పెళ్లిళ్లయ్యాక కలుసుకున్నదే తక్కువ. అప్పుడు బుగ్గలు నిండుగా ఉన్న మనిషి ఇప్పుడు ఎముకల మీద చీర చుట్టినట్టుంది.

“అప్పా, ఇదేటి ఇలగైపోనావు?”

జోగులమ్మ బెంచీ చివర కూర్చుంది. అవతలి బెంచీ మీద జగదీశ్వరరావుగారు పేపరు చదువుతున్నారు, రమణబాబు టీ తాగుతున్నాడు.

“నీ బొమ్మ సంగతి ఇనే పేణం లేచొచ్చినాదే నాకు. సలికాలంలో డాక్టరమ్మ నోరు సూసి, బేగి ఇశాపట్నం ఎల్లమంది. మావోడు తీసుకెల్తాననే అన్నాడు. నాకే కత్తంటే బయం. పిక్కలు ఏరీసినాక ఎల్దాం, ఈ వోరం ఎల్దాం, ఆ వోరం ఎల్దాం అంటన్నాను. ఈలోగా మావోడు నీ బొమ్మ సూసొచ్చినాడు. లోవప్పకి టీతోటే ఏటీ రాలేదంటమ్మా, మనమూ తాగి సూద్దాం అన్నాడు. అప్పట్నుంచీ సంతసంతకీ నీ టీయే తాగతన్నాను.”

కొంచెం ముందుకి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

“నిజం సెప్పే. నీకెన్ని సీసాలకి తగ్గింది?”

లోవలక్ష్మికి ఏ ప్రశ్నకైనా జవాబు నాలుక చివరే ఉంటుంది. నాకొస్తే కదే తగ్గడానికి, అనబోయింది. ఈలోగా నాలుక తనంతట తనే అంగిలి మీదికి పోయింది.

“నోరు తెరు” అంది.

“సీ, అందరూ ఉన్నారే.”

“తెరప్పా.”

జోగులమ్మ కొంగు తీసి, మొహం వెలుగుకేసి తిప్పి, నోరు తెరిచింది. వాసన కొట్టింది. లోవలక్ష్మి ముక్కు మూసుకోలేదు. వంగి చూసింది. అంగిలంతా తెల్లగా, గట్టిగా, పగుళ్లుగా ఉంది. మధ్యలో ఎర్రటి పుండు. పుండు మధ్యలో నల్లటి కన్నం. తన నాలుక రోజూ వెళ్లి వెతికే చోటు కూడా సరిగ్గా అదే. ఎవరి అంగిలి వాళ్లకి కనపడదు కనక ఇన్నాళ్లూ అది గరుకు మాత్రమే అనుకుంది. అలాంటిది తన నోట్లోనూ ఉందన్న సంగతి అప్పుడు తెలిసింది ఆవిడకి. ఆ వెనకే ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియలేదు. ఈ మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఆపింది తన నవ్వు. సీసాలు నింపింది తన చెయ్యి.

నోట్లో చుట్ట తీసి కాలవలో పడేసింది. నేరుగా వెళ్లి జగదీశ్వరరావుగారి పేపరు చేత్తో కిందికి దించింది.

“బాబూ, నా నోరు సూడండి.”

“ఏంటమ్మా?”

“ప్రూఫు అన్నారు కదా. ప్రూఫు సూడండి. లోపలికి సూడకుండా ఎలాగ రాసీసినారు పైన?”

నోరు తెరిచి ఆయన మొహం ముందు నిలబడింది. ఎన్ని రోగాల గురించి చదివిన మనిషో, ఒక్క నోటిలోకి చూడలేకపోయారు. మొహం పక్కకి తిప్పుకుని “ఛ, ఇదేం పద్ధతి, తాగుతున్నాం ఇక్కడ” అన్నారు. జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

లోవలక్ష్మి రమణబాబు వైపు తిరిగింది. “ఒరే, నవ్వితే తీసినావు కదా ఫొటో. ఇప్పుడు తియ్. నానూ సూడాల.”

వాడు పాపం బెంచీ మీంచి లేచి, ఫోను టార్చి వేసి, ఒకటికి రెండు తీశాడు. తీసినవి చూసి ఫోను ఆవిడ చేతిలో పెట్టాడు. తెల్లటి చర్మం. మధ్యలో వేలిగోరంత ఎరుపు. కన్నం లేదు, అంతే తేడా. సూరన్న గల్లాపెట్టె వదిలి వచ్చి భార్య భుజం మీంచి చూశాడు. అతని తల ఆడలేదు.

“ఎప్పట్నుంచే?” అన్నాడు.

“గానుగల కాడ్నుంచి.”

“మరి నాకు సెప్పవేటే?”

“సెప్తే ఏటి సేద్దువు, తలాడిద్దువు. కొట్టు కట్టీ. డాక్టరమ్మ కాడికెల్దాం. అప్పని కూడా ఎక్కించు ఆటో.”

జగదీశ్వరరావుగారు రుమాలు తీసి గొంతు సవరించుకున్నారు. “తొందరపడి కోయించుకోకండి. కోస్తే పాకుతుందని ఒక ఆర్టికల్...”

“ఆ ఆర్టికలు ఎలకలకి సదివించండి బాబూ” అంది లోవలక్ష్మి. పొయ్యి ఆర్పేసి ఆటో ఎక్కింది.

ఏరియా ఆసుపత్రిలో డాక్టరమ్మ లావణ్య ముందు జోగులమ్మ నోరు చూసింది. చాలాసేపు చూసింది. చూసి, “ఇన్ని నెలలు ఎక్కడికెళ్లారమ్మా” అంది, గట్టిగా కాదు. జోగులమ్మ లోవలక్ష్మి మొహం చూసి, కొంగు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత లోవలక్ష్మి కూర్చుంది. డాక్టరమ్మ టార్చి దగ్గరికి పెట్టి “కందిరీగలేవీ కనపడట్లేదే” అంది. గుర్తుంచుకుందన్నమాట. ఎప్పుడూ నలుగురిలో నవ్వించే మనిషికి ఆ మాటకి ఏడుపొచ్చింది.

“టీ తాగితే రాదన్నారమ్మా” అంది లోవలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ. అన్నది ఎవరో, అనిపించుకున్నది ఎవరో చెప్పలేదు.

“టీ వల్ల రాకుండా ఉంటుందో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదమ్మా. తేలినప్పుడు చూద్దాం. చుట్ట వల్ల వస్తుందని మాత్రం తేలిపోయి చాలా ఏళ్లయింది. అలా పొగలు కక్కుతుండగా తాగితే ఆ టీ కూడా మంచిది కాదు.”

“మండితే మందు పనిచేత్తందనుకున్నాను.”

“పుండు మీద వేడినీళ్లు పోస్తే మండదా మరి” అంది డాక్టరమ్మ. ఇద్దరికీ విశాఖ పెద్దాసుపత్రికి చీటీలు రాసింది.

విశాఖలో ఇద్దరికీ ముక్కలు తీసి పరీక్షకి పంపించారు. లోవలక్ష్మిది అప్పుడే మొదలైందన్నారు. అంగిట్లో ఒక ముక్క కోసి తీసేసి, తొడ మీది చర్మం అతికారు. జోగులమ్మది ఎముకలోకి పాకింది, మెడలోకీ దిగింది. చలికాలంలోనే వచ్చి ఉంటే వేరేగా ఉండేదని అక్కడి డాక్టరు ఆవిడ కొడుకుతో చెప్పాడు. కొడుకు ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. లోవలక్ష్మి మంచం మీంచి అదంతా వింది. నోట్లో కుట్లు, మాట రాదు. వచ్చినా ఏం చెప్తుంది.

ఊడ్పులు అయ్యేలోపు జోగులమ్మ పోయింది.

కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నా లోవలక్ష్మి వెళ్లింది. ఏడ్చింది. చిన్నప్పుడు నోరు కాలితే ఊరుకోబెట్టిన మనిషి కోసం ఊరుకోబెట్టేవాళ్లు లేక చాలాసేపు ఏడ్చింది. వాకిట్లో పరామర్శకి వచ్చిన మగవాళ్లు కూర్చున్నారు. ఎవరో అందరికీ టీలు ఇస్తున్నారు. “మరి టీ తాగినాది కదా, ఎందుకు తగ్గనేదంటావు?” అని ఒకడు అడిగాడు. “పాల టీ తాగినాది. పాలు ఎయ్యకుండా తాగితే పని సేసును” అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ గ్లాసులు ఖాళీ చేసి బాధగా నిట్టూర్చారు. లోవలక్ష్మి వాళ్లకేసి చూసి, అనబోయి, మానేసింది. నోరు నొప్పిగా ఉంది. అయినా ఎంతమందికని చెప్తుంది.

తిరిగొచ్చేసరికి కొట్టు మీద ఫ్లెక్సీ లేదు. ఆటో ఎక్కిన రోజు సాయంత్రమే సూరన్న దించేశాడట. దించి పారెయ్యలేదు. వాన కురుస్తోందని గేసు సిలిండర్ల మీద కప్పాడు. మడతల్లోంచి తన నవ్వు సగం కనపడుతోంది. లోవలక్ష్మి దాన్ని లాగి పొయ్యిలో పెట్టబోతే కంపు కొడుతుందని ఆపాడు.

మర్నాడు ఆవిడే రమణబాబు షాపుకి వెళ్లింది.

“ఆ రోజు తీసినావు కదా, నా నోటి ఫొటో. అది ఎయ్. అదే సైజు.”

రమణబాబు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. “టీ కొట్టు ముందు అదా అక్కా? చూస్తే తాగింది బయటికొస్తుంది. ఒక్కడు రాడు.”

“నవ్వితే తలుపంత ఏసినావు కదరా. ఇప్పుడేటి, సిగ్గా? దాని పక్కన కోసినాక ఎలాగుందో అది కూడా ఎయ్. ఇదిగో, తీసుకో” అని నోరు తెరిచింది.

సూరన్న మొట్టమొదటిసారి తల అడ్డంగా ఊపాడు. బేరం పోతుందన్నాడు. పరువు పోతుందన్నాడు. లోవలక్ష్మి టీ గిన్నె తీసి అతని ముందు పెట్టింది. “అయితే నువ్వే కాసుకో. పరువుతోటి కాసుకో” అంది. అతను ఆ పూట కాచిన టీ తాగి ముగ్గురు గ్లాసులు సగంలో వదిలేసి వెళ్లిపోయారు. సాయంత్రం నిచ్చెన తనే తెచ్చాడు.

ఈసారి మంచుకొండలు లేవు. ఒక పక్క తెల్లటి అంగిలి, మధ్యలో ఎర్రటి మచ్చ. ఇంకో పక్క కోసి కుట్టిన చోటు. కింద లోవలక్ష్మి చెప్పగా రమణబాబు కంపోజు చేసిన అక్షరాలు: “ఇది లోవలక్ష్మి నోరు. టీ బాగా తాగింది. చుట్టా కాల్చింది. మీ నోరు డాక్టరుకి చూపించుకోండి.”

కొన్ని బేరాలు పోయాయి. ఫ్లెక్సీ మార్చమని చెప్పినవాళ్లున్నారు, కొట్టే మార్చేసినవాళ్లున్నారు. రెండు క్యాన్సర్లు అని కేకేసేవాళ్లు మాత్రం లేరు. జగదీశ్వరరావుగారు వారం రోజులు రాలేదు. తరవాత వచ్చి, ఫ్లెక్సీకి వీపు పెట్టి అవతలి బెంచీ మీద కూర్చున్నారు. గ్లాసు చేతికొచ్చాక నెమ్మదిగా మొదలుపెట్టారు.

“ఏదేమైనా లోవలక్ష్మీ, అన్నేళ్లు టీ తాగబట్టే నీకు లేటుగా వచ్చింది. లేకపోతే ఎప్పుడో వచ్చేది.”

లోవలక్ష్మి నోట్లో అతుకు మీదికి నాలుక పోనిచ్చింది. మాట కొంచెం ముద్దగా వస్తోంది ఇప్పుడు, అయినా ఆయనకి తెలిసేలా అంది.

“జోగులమ్మ కూడా తాగినాది బాబూ. సీసాలు సీసాలు. దాని గురించి కూడా ఒక మాట సెప్పండి.”

ఆయన గ్లాసులోకి చూసుకున్నారు. “ఆవిడ ఆలస్యంగా మొదలుపెట్టింది” అన్నారు.

ఈ మనిషి చచ్చేదాకా ఇలాగే ఉంటాడు, చచ్చాక కూడా ఎవడో వీడికి బదులు కూర్చుంటాడు ఆ బెంచీ మీద. లోవలక్ష్మి గ్లాసులు కడగడానికి వంగింది. తల ఎత్తేసరికి చింతపల్లి బస్సు వచ్చి ఆగింది. గంపలతో ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఇద్దరి నోట్లోనూ అడ్డచుట్టలు, పెదాల చివర్నుంచి సన్నగా పొగ వస్తోంది. రోడ్డు దాటుతూ ఫ్లెక్సీ చూసి ఆగిపోయారు. చదవడం వచ్చినట్టు లేదు, బొమ్మే చూస్తున్నారు. పెద్దావిడ చుట్ట తీసి చేత్తో పట్టుకుంది. చిన్నావిడని ఏదో అడిగింది. గంప దించుకుని, రోడ్డు పక్కన, అంతమంది జనంలో, నోరు తెరిచి మొహం పైకెత్తింది. చిన్నావిడ మునివేళ్ల మీద లేచి అందులోకి చూస్తోంది.

లోవలక్ష్మి తడిచేతులు చీరకి తుడుచుకుంటూ కొట్టు దిగి వెళ్లింది.

“అక్కడ నీడగా ఉన్నాది, సరిగ్గా అవుపడదు” అంది. “ఇలగ ఎలుగులోకి రండి.”